ఈ వయసులో క్లిప్పులెందుకు?

ఆ ప్రశ్న ఒకప్పుడు నేనే వేశాను. కనుక దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

నేను ప్రాక్టీసు చేస్తున్న రోజులలో ఒక ఉపాధ్యాయిని నెలనెలా మధుమేహం పరీక్షకు వచ్చేవారు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్ళు నిండలేదు. ఒకనాడు నేను మందుల చీటీ వ్రాసి ఇచ్చిన తరువాత, లేవబోతూ ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "డాక్టరుగారూ, పైన ముందు పళ్ళు ఈమధ్య ఎడమైపోతున్నాయి. క్లిప్పులు పెట్టించుకొంటే దగ్గరకు వస్తాయంటారా?" అని అడిగారు. నేను తల ఎత్తకుండానే నవ్వి, "ఈ వయసులో మీకు క్లిప్పులెందుకు టీచరుగారూ, బడిలో పిల్లలు నవ్వరూ? ముందు షుగరు సంగతి చూడండి" అన్నాను. ఆమె కూడా నవ్వారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. సుమారు మూడేళ్ళ తరువాత ఒక నెల వచ్చినప్పుడు, మాట్లాడుతున్నంతసేపూ నోటి మీది కొంగు తీయలేదు. కారణం అడిగితే తీసి చూపించారు. పై పళ్ళు రెండు లేవు. "కదిలి కదిలి ఊడిపోయాయండీ" అన్నారు, అందులో నాకేమీ సంబంధం లేనట్లు.

ఆమె మొదట అడిగిన ఆ ఒక్క వాక్యంలోనే రోగనిర్ధారణ ఉన్నది. చిన్ననాటి నుంచి ఉన్న సందు వేరు, నడివయసులో కొత్తగా ఏర్పడే సందు వేరు. మొదటిది పుట్టుకతో వచ్చిన అమరిక. రెండవది పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతున్నదనడానికి సూచన. చిగుళ్ళ వ్యాధి ముదిరి పంటి చుట్టూ ఎముక తగ్గినప్పుడు, నాలుకా పెదవులూ ఎదుటి పళ్ళూ కలిగించే మామూలు ఒత్తిడికే ముందు పళ్ళు విసనకర్ర విచ్చుకొన్నట్లు ముందుకూ పక్కలకూ జరుగుతాయి. మధుమేహం అదుపులో లేనివారిలో ఈ వ్యాధి తరచుగా కనిపిస్తుంది, త్వరగా ముదురుతుంది. చిగుళ్ళు వాచి ఉన్నంతకాలం చక్కెర కూడా ఒక పట్టాన లొంగదు. ఇది నాకు తెలియని శాస్త్రం కాదు. ఆమె పాదాలు పరీక్షించాను, కంటి వైద్యుని వద్దకు పంపాను, మూత్రపిండాల పరీక్షలు వ్రాశాను. పెదవి పైకెత్తి ఒక్కసారి చిగుళ్ళు మాత్రం చూడలేదు. క్లిప్పులంటే పెళ్ళికాని పిల్లల అలంకారమన్న అభిప్రాయం నా కళ్ళకు అడ్డం వచ్చింది.

ఆ అభిప్రాయం నాకు ఒక్కడికే ఉన్నదని అనుకోను. నడివయసు దాటినవారు క్లిప్పుల మాట ఎత్తితే ఇంట్లోవారు నవ్వుతారు, స్నేహితులు ఆటపట్టిస్తారు, నావంటి వైద్యులు కొట్టిపారేస్తారు. ఆ నవ్వుకు శాస్త్రంలో ఆధారం లేదని ఇప్పుడు స్వానుభవంతో కూడా చెప్పగలను.

ప్రాక్టీసు విరమించిన మరుసటి ఏడు, అరవై దాటిన తరువాత, నేను క్లిప్పులు పెట్టించుకొన్నాను. వైద్య విద్యార్థిగా ఉండగా కింది దవడలో ఒక నమలుడు పన్ను పుచ్చిపోతే తీయించుకొని, ఆ ఖాళీ సంగతి మరచిపోయాను. దశాబ్దాలు గడిచేసరికి వెనుకనున్న పన్ను ఆ ఖాళీలోకి ఒరిగింది. ముందరి కింది పళ్ళు వయసుతోపాటు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ఒరిగిన పంటి పక్కన మెతుకులు చేరి చిగురు పదేపదే వాచేది. ఆ పన్నును తిరిగి నిలబెడితేగాని కొత్త పన్ను అమర్చడానికి చోటు లేదనీ, నిలబెట్టాలంటే క్లిప్పులు తప్ప మార్గం లేదనీ దంతవైద్యుడు తేల్చి చెప్పాడు. నెల రోజులు తప్పించుకు తిరిగాను. చివరకు వెళ్ళి కూర్చుంటే, అక్కడ చీటీలు వ్రాసే అమ్మాయి నన్ను చూసి, "పేషెంటు ఎవరండీ, మనవడా, మనవరాలా?" అని అడిగింది. చుట్టూ కూర్చున్నవారందరూ బడి పిల్లలే. నేనేనని చెప్పుకోవడానికి నాకు కొంత ధైర్యం కావలసివచ్చింది. ఆ టీచరుగారు నన్ను అడగడానికి ఎంత ధైర్యం కూడగట్టుకొని ఉంటారో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసింది.

పన్ను ఏ వయసులోనైనా కదులుతుంది. పన్ను ఎముకలో గోడలోని మేకులాగా బిగిసి ఉంటుందని చాలామంది ఊహ. నిజానికి వేరుకూ ఎముకకూ నడుమ మిల్లీమీటరులో సుమారు నాలుగవ వంతు మందం గల మెత్తని పొర ఒకటి ఉన్నది. తీగ పంటిని ఒక వైపుకు నెమ్మదిగా నెట్టినప్పుడు, ఆ వైపు పొర నొక్కుకుపోయి ఎముకను కరిగించే కణాలు అక్కడ పనిలోకి దిగుతాయి. వెనుక వైపు పొర సాగి, ఎముకను కట్టే కణాలు అక్కడ పని మొదలుపెడతాయి. ముందు దారి తవ్వుకొంటూ, వెనుక పూడ్చుకొంటూ నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పన్ను ప్రయాణిస్తుంది. ఈ కణాలు పదహారేళ్ళవారికీ ఉన్నాయి, అరవై ఏళ్ళవారికీ ఉన్నాయి. పెద్దవారిలో కదలిక మొదలు కావడానికి కాస్త ఆలస్యం కావచ్చు, అంతే. విరిగిన తుంటి ఎముక డెబ్బై ఏళ్ళవారికి అతుకుతుందని నమ్మేవారు, పన్ను కదలదని ఎందుకు నమ్ముతారో నాకు అర్థం కాదు.

అయితే వయసు తెచ్చే తేడాలు లేకపోలేదు. పెద్దవారిలో దవడల పెరుగుదల ముగిసిపోయి ఉంటుంది. దవడే ముందుకో వెనుకకో ఉంటే పిల్లలలో లాగ పెరుగుదలను మళ్ళించి సరిచేయడం కుదరదు. తీవ్రంగా ఉన్నచోట శస్త్రచికిత్స కావాలి. ఒకదానిమీదొకటి ఎక్కిన ముందు పళ్ళను వరుసలోకి తెచ్చాక, చిగురు అంచు అప్పటికే తగ్గి ఉన్నవారికి పళ్ళ మొదళ్ళలో చిన్న చిన్న నల్లని త్రికోణపు సందులు కనిపిస్తాయి. వేర్ల కొసలు కొందరిలో కాస్త అరుగుతాయి. ఇవన్నీ ముందుగా చెప్పవలసిన సంగతులు. చెప్పకుండా మొదలుపెట్టే వైద్యుని వద్ద మొదలుపెట్టకపోవడమే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది చిగురు. నాకు క్లిప్పులు వేసే ముందు మూడు నెలలు చిగుళ్ళకే వైద్యం జరిగింది. మొన సన్నగా ఉండి గీతలు పెట్టిన కొలపుల్లతో ఒక్కొక్క పంటి చుట్టూ చిగురు లోతు కొలిచారు. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆరోగ్యం. అంతకు మించిన చోట్ల చిగురు కింద గట్టిపడిన గారను గీకి శుభ్రం చేశారు. రక్తం కారడం ఆగిన తరువాతనే తీగ వేశారు. చిగుళ్ళ వ్యాధి రగులుతుండగా తీగ బిగిస్తే, ఎముక కరగడం ఇంకా వేగవంతమై, నిలబెట్టవలసిన పన్నే ఊడిపోవచ్చు. ఆ టీచరుగారికి నేను ఇవ్వవలసిన జవాబు "వద్దు" కాదు, "పెట్టించుకోండి" అని కూడా కాదు. "ముందు చిగుళ్ళ వైద్యుని వద్దకు వెళ్ళండి, అది నయమైన తరువాత క్లిప్పులు" అని. ఆనాడు ఈ ముక్క చెప్పి ఉంటే ఆ రెండు పళ్ళు నిలిచేవని ఖచ్చితంగా అనలేను. నిలిచే అవకాశం మాత్రం ఉండేది.

నేను మొదట సంప్రదించిన ఒకచోట, ఎక్స్‌రే తీయకుండా, చిగురు ముట్టకుండా, ఆరు నెలలలో పని పూర్తి చేస్తామని ధర చెప్పారు. అక్కడి నుంచి మెట్లు దిగి వచ్చేశాను. వైద్యుణ్ణి కనుక నాకు అనుమానం వచ్చింది. మిగిలినవారికి ఎలా వస్తుంది? అందుకే చెబుతున్నాను. క్లిప్పులు వేసేవారు బీడీఎస్ తరువాత పళ్ళ అమరికలోనే ఎండీఎస్ చేశారా అని అడగడం మర్యాద తప్పడం కాదు. ఖర్చు భరించలేనివారు హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో విచారించవచ్చు. అక్కడ వరుసలో వేచి ఉండవలసివస్తుంది. కాని పరీక్ష లేకుండా తీగ వేయరు.

ఇక అలవాటు పడే సంగతి. దీనిని గురించి పెద్దలకు ఎవరూ వివరంగా చెప్పరు. పిల్లలకు తల్లి ఉంటుంది, మెత్తగా వండి పెడుతుంది. పెద్దలు అదే రోజు సాయంత్రం ఉద్యోగానికో వంటింటికో తిరిగి వెళ్ళాలి.

క్లిప్పులు అతికించేటప్పుడు నొప్పి లేదు. మూడు నాలుగు గంటల తరువాత మొదలయింది. మరునాటికి పళ్ళన్నీ నావి కానట్లు, నోట్లో ఎవరో తెచ్చి పెట్టినట్లు అనిపించింది. మెత్తని ఇడ్లీని కూడా పళ్ళతో నొక్కలేకపోయాను. మూడవ రోజు నుంచి తగ్గి, వారానికి దాదాపు పోయింది. తీగ మార్చిన ప్రతిసారీ ఇదే కథ చిన్నగా పునరావృతమవుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి రోజుల తరబడి మింగకూడదు. అవి పన్ను కదలడానికి అవసరమైన రసాయనాల ఉత్పత్తినే తగ్గిస్తాయి. పైగా ఈ వయసులో మూత్రపిండాలకూ కడుపుకూ మంచివి కావు. అన్నం నమలలేకపోతున్నానని చెప్పిన రోగులకు నేను ముప్పై ఏళ్ళు "మెత్తనివి తినండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. మెత్తనివి అంటే ఏమిటో ఆ వారంలో వరుసగా తెలుసుకొన్నాను: పప్పు పిసికిన అన్నం, పెరుగన్నం, జావ, మళ్ళీ పప్పు పిసికిన అన్నం.

నొప్పి కంటె బుగ్గల లోపలి పుండ్లు ఎక్కువ బాధించాయి. కొత్త లోహపు అంచులకు బుగ్గ చర్మం గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆలోగా వైద్యులు ఇచ్చే మైనపు ముద్దను బఠాణీ గింజంత తీసుకొని, తుడిచి ఆరబెట్టిన క్లిప్పు మీద అద్దుకొంటే గీసుకోదు. తడి క్లిప్పు మీద అది నిలవదు; ఈ సంగతి ఎవరూ చెప్పక నేను రెండు రోజులు మైనాన్ని మింగుతూ గడిపాను. గోరువెచ్చని ఉప్పునీరు పుక్కిలించడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది. తీగ కొస గుచ్చుకొంటే ఇంట్లోని కత్తెరతో సాహసాలు చేయకుండా మైనం అద్ది, వైద్యుని వద్దకు వెళ్ళాలి.

మన తిండి క్లిప్పులకు పెద్ద పరీక్ష. గట్టి పదార్థాలు క్లిప్పులను ఊడగొడతాయి, జిగురు పదార్థాలు పీకుతాయి. ఊడిన ప్రతి క్లిప్పూ చికిత్సను కొన్ని వారాలు వెనుకకు నెడుతుంది. జంతికలు, చెగోడీలు, పల్లీపట్టీ, మొక్కజొన్న కంకి, చెరకు గడ, మాంసంలోని ఎముక, వీటికి ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు దూరంగా ఉండాలి. జామకాయ, ఆపిలు వంటివి ముందు పళ్ళతో కొరకకుండా చిన్న ముక్కలు చేసి వెనుక పళ్ళతో నమలవచ్చు. మా ఇంట సంక్రాంతికి సకినాలు చేస్తారు. మొదటి ఏడాది వాటిని చూస్తూ కూర్చున్నాను. రెండవ ఏడాది నా భార్య రోట్లో దంచి, పాలు పోసి, గిన్నెలో పెట్టి ఇచ్చింది. అది సకినం కాదు. కాని పండుగ తప్పలేదు.

గట్టివాటికంటె గమ్మత్తయినది తాలింపు. ఆవగింజ క్లిప్పుకూ తీగకూ మధ్య సరిగ్గా ఇమిడే పరిమాణంలో ఉంటుంది. తోటకూర, గోంగూర పీచు తీగ చుట్టూ దారంలాగ చుట్టుకొంటుంది. కరివేపాకు సంగతి చెప్పనక్కరలేదు. విందులో ఎదుటివారు మన కళ్ళలోకి చూడకుండా నోటి వైపు చూస్తున్నారంటే కారణం అదే. జేబులో ఒక చిన్న అద్దం, మడత బ్రష్షు, సందులలో దూరే సన్నని బ్రష్షు ఉంచుకొని, భోజనం కాగానే చేతులు కడిగే చోటే పని ముగించుకోవడం నేర్చుకొన్నాను. మొదట సిగ్గుగా ఉండేది. నెల తరువాత లేదు. పసుపు విషయం కూడా చెప్పాలి. క్లిప్పుకు తీగను పట్టి ఉంచే రంగులేని రబ్బరు చుట్టలు ఒక్క పూట పప్పుచారుకే పచ్చబడతాయి. కనిపించకుండా ఉండాలని పింగాణీ క్లిప్పులు ఎక్కువ ధరకు పెట్టించుకొని, వాటి చుట్టూ పసుపు రంగు వలయాలతో తిరిగేవారిని చూశాను. బూడిదరంగు చుట్టలు అడగండి.

శుభ్రత విషయంలో మాత్రం రాజీ లేదు. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే, అవి తీసిన నాడు పంటి మీద సున్నపు మచ్చలవంటి తెల్లని గుర్తులు బయటపడతాయి. అవి పుచ్చుకు తొలిదశ. చాలావరకు అలాగే మిగిలిపోతాయి. రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడు పేస్టుతో, తీగకు పైనా కిందా బ్రష్షును ఏటవాలుగా పెట్టి, సందులలో సన్న బ్రష్షు తిప్పి తోమడానికి నాకు పది నిమిషాలు పట్టేది. రోజుకు పది నిమిషాలు కేటాయించలేనని మీకు ముందే తెలిస్తే క్లిప్పులు పెట్టించుకోవద్దు. దీనిని నిష్ఠూరంగా అనుకోకండి. శుభ్రం చేయని సరళమైన వరుస కంటె శుభ్రంగా ఉన్న వంకర వరుస వెయ్యి రెట్లు నయం.

ఆ మాటకు వస్తే, వంకర పళ్ళున్నవారందరికీ క్లిప్పులు అవసరం లేదు. పళ్ళు వంకరగా ఉంటే తప్పకుండా పుచ్చిపోతాయనీ, తలనొప్పులు వస్తాయనీ భయపెట్టి అమ్మే ప్రచారాలు పెరిగాయి. బాగా తోముకొనే మనిషికి కాస్త వంకర వల్ల ప్రమాదమేమీ లేదు. ఒరిగిన పన్ను వల్ల చిగురు దెబ్బతింటున్నా, పై పళ్ళు కింది చిగురును గుచ్చుతున్నా, నమలడం కష్టమైనా, కొత్తగా సందులు వస్తున్నా అవసరం. ఇవేవీ లేకపోయినా, కేవలం నవ్వడానికి ఇబ్బందిగా ఉన్నదని ఎవరైనా అడిగితే? ఒకప్పుడు దానిని అలంకారమని తోసిపుచ్చేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా కొంగో చెయ్యో అడ్డం పెట్టుకొనే నవ్వుతున్న మనిషికి అది అలంకారం కాదు. చిగుళ్ళు బాగుండి, తోముకొనే ఓపిక ఉండి, డబ్బు తమదైనప్పుడు, "ఎందుకు" అని అడిగే హక్కు మనకు లేదు.

మాట తీరు గురించి చాలామంది భయపడతారు. పళ్ళ బయటివైపు క్లిప్పులు వేసుకొన్నవారికి ఉచ్చారణలో పెద్ద తేడా రాదు. నాలుక తగిలే లోపలివైపు వేయించుకొన్నవారికి కొన్ని వారాలు సకారం, తకార దకారాలు, చలి, జడ వంటి మాటలలోని దంత్య చ, జలు తడబడతాయి. ఉపాధ్యాయులు, పురోహితులు, గాయకులు దీనిని లెక్కలోకి తీసుకోవాలి. రోజూ పావుగంట పత్రిక పైకి చదివితే త్వరగా సర్దుకొంటుంది.

కంటికి కనిపించని పారదర్శక తొడుగులు 1999 నుంచి ప్రపంచంలో అమ్మకంలో ఉన్నాయి. కొన్ని రకాల అమరికలకు అవి మంచివే. కాని రోజుకు 20 నుంచి 22 గంటలు ధరించాలి. మంచినీళ్ళు తప్ప ఏది తినాలన్నా తాగాలన్నా తీయాలి. రోజుకు ఐదుసార్లు టీ తాగే మనవారు లెక్క వేసుకోవాలి. వైద్యుడు నోరు చూడకుండా ఇంట్లోనే అచ్చు తీయించి తపాలాలో తొడుగులు పంపే పద్ధతిని నేను సమర్థించను. చిగురు లోతు తపాలాలో కొలవలేరు.

పెద్దవారు వైద్యునికి తమంతట తాము చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఎముకలు గుల్లబారకుండా వారానికొకసారి అలెండ్రోనేట్ మాత్ర వేసుకొంటున్నా, ఏడాదికొకసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షను తీసుకొన్నా తప్పక చెప్పాలి. ఆ మందులు ఎముక కరగడాన్ని తగ్గిస్తాయి కనుక పన్ను కదలిక మందగిస్తుంది. పన్ను తీయవలసివస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదమూ ఉన్నది. మధుమేహులు మూడు నెలల సగటు చక్కెర పరీక్ష ఫలితం వెంట తీసుకువెళ్ళాలి. గిల్టు నగలు పెట్టుకొంటే చర్మం దురద పెట్టేవారికి నికెల్ లోహం పడకపోవచ్చు. మొదటి నెలల్లో వాడే సాగే తీగలో అది ఉంటుంది. నల్లగొండ జిల్లాలోనో కనిగిరి ప్రాంతంలోనో ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగి, పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నవారికి క్లిప్పు సరిగా అతుక్కోక తరచు ఊడుతుంది. అది వారి అజాగ్రత్త కాదు, వైద్యుని చేతగానితనమూ కాదు. ఎంఆర్‌ఐ తీయించుకోవలసివస్తే అక్కడివారికి క్లిప్పులున్నాయని చెప్పాలి.

ముహూర్తం పెట్టుకొని, మూడు నెలలలో పళ్ళు సర్దమని అమ్మాయిలను తీసుకువచ్చే తల్లిదండ్రులను గురించి ఒక్క మాట. అబ్బాయిలను అలా తీసుకురావడం నేను చూడలేదు. ఎముక తన వేగంతోనే కరుగుతుంది, తన వేగంతోనే కట్టుకొంటుంది. మితిమీరి లాగితే వేరు అరుగుతుంది. క్లిప్పులతోనే పెళ్ళి పీటల మీద కూర్చుంటే ఏమవుతుంది?

నాకు క్లిప్పులు ఇరవై రెండు నెలలున్నాయి. ఒరిగిన పన్ను నిలబడింది, ఖాళీలో కొత్త పన్ను వచ్చింది. తీసిన రోజు నాలుకకు పళ్ళు సబ్బు రాసినంత నున్నగా తగిలాయి. పని అయిపోయిందనుకొన్నాను. కాలేదు. పన్ను కొత్త చోటికి వచ్చినా దాని చుట్టూ ఉన్న చిగురు నారలు పాత చోటికే లాగుతుంటాయి. అవి సర్దుకోవడానికి ఏడాది వరకు పడుతుంది. ఆ తరువాత కూడా వయసు పళ్ళను కదుపుతూనే ఉంటుంది. అందుకే రిటెయినరు అనే తొడుగును మొదట రోజంతా, తరువాత రాత్రుళ్ళు, నిజం చెప్పాలంటే ఉన్నన్నాళ్ళూ పెట్టుకోవాలి. యుక్తవయసులో క్లిప్పులు పెట్టించుకొని, తొడుగు మానేసి, నలభై ఏళ్ళకు మళ్ళీ వంకర పళ్ళతో వచ్చేవారు ఎందరో ఉన్నారు. రెండవసారి ఖర్చుకు వారు మొదటి వైద్యుణ్ణి తిట్టుకొంటారు.

నా మొదటి తొడుగు ఒక పెళ్ళి విందులో పోయింది. భోజనానికి ముందు తీసి, డబ్బా ఇంట్లో మరచిపోయి, కాగితపు రుమాలులో చుట్టి విస్తరి పక్కన పెట్టాను. పెరుగన్నం ముగించి లేచేసరికి, వడ్డించే కుర్రవాడు విస్తరితోపాటు రుమాలు కూడా తీసుకుపోయాడు. నేను వెనుక పెరట్లోకి వెళ్ళి ఎంగిలాకుల కుప్ప ముందు నిలబడి ఉండగా, పెళ్ళికూతురి తండ్రి పరుగున వచ్చి, "డాక్టరుగారూ, ఉంగరమేమైనా పోయిందా?" అని కంగారు పడ్డాడు. ఏం పోయిందో చెప్పాను. ఆయన ఒక్క క్షణం నా నోటి వైపు చూసి, గొంతు తగ్గించి, "ఈ వయసులో కూడా పెడతారా అండీ? మా ఆవిడకు కూడా ఈమధ్య ముందు పళ్ళు ఎడమవుతున్నాయంటున్నది" అన్నాడు. విందు సగంలో ఉన్నా సరే, ఆమెను పిలవమన్నాను. దీపాల వెలుగులోకి తీసుకువెళ్ళి, పెదవి పైకెత్తి, చిగుళ్ళు చూశాను.